అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులకు ఏమవుతుంది?

విశాఖ నుంచి అరకు బయల్దేరే ముందు జనం షెడ్డుకొచ్చి అడిగేది ఒకటే: "బండి ఘాట్ ఎక్కుతుందా?" ఏసీ వేసుకుని ఐదుగురితో లాగుతుందా, క్లచ్ తట్టుకుంటుందా, రేడియేటర్ వేడెక్కదు కదా అని చూపించుకుంటారు. దిగడం గురించి అడిగినవాళ్లు నాకు అరుదుగా తగిలారు. ఈ కాలపు ఇంజిన్లకు అనంతగిరి ఎక్కడం పెద్ద విషయం కాదు. దిగడం మాత్రం ఏ కాలపు బ్రేకులకైనా పెద్ద పనే. బ్రేకుల పని చేసి, తర్వాత ఆ పనే పిల్లలకు నేర్పి ఇంతకాలం బతికాను. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శనాదివారాల్లో ఆ ఘాట్ దిగే బండ్లను, వాటిని నడుపుతున్నవాళ్ల కాలు ఎక్కడుందో చూస్తుంటే నాకు భయమేస్తోంది. ఆ భయానికి కారణాలు లెక్కగట్టి చెప్పగలిగినవే కాబట్టి రాస్తున్నాను.

శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కుతూనే పోతాం. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు కాస్త పైన ఉంటే, గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా ఎత్తులో ఉంటుంది. అంటే తిరుగు ప్రయాణంలో అరకు నుంచి ముందు కొంత ఎక్కి, అక్కణ్నుంచి సుమారు వెయ్యి మీటర్లు కిందికి దిగాలి. ఈ వెయ్యి మీటర్లే అసలు లెక్క.

ఐదుగురు మనుషులు, సామాన్లతో కలిపి 1,500 కిలోల కారనుకోండి. అది వెయ్యి మీటర్లు దిగితే దాదాపు 1.5 కోట్ల జూళ్ల శక్తి ఎటో ఒకవైపు పోవాలి. కరెంటు లెక్కలో నాలుగు యూనిట్లు. 50 లీటర్ల చన్నీళ్లను మరిగించే వేడి అది. అంతా బ్రేకుల మీదే పడదు. దారి పొడవునా టైర్ల రాపిడి, ఎదురుగాలి కలిసి సగం దాకా తీసుకుంటాయి. మిగతా సగాన్ని ఇంజిన్ పట్టి ఉంచాలి, లేకపోతే బ్రేకులు మింగాలి. బ్రేకు వేసిన ప్రతిసారీ బరువు ముందుకు వాలుతుంది కాబట్టి మూడొంతుల్లో రెండొంతుల పైనే ముందు చక్రాల మీద పడుతుంది. చిన్న కారులో ఒక్కో ముందు డిస్కు బరువు ఐదారు కిలోలకు మించదు. ఆ రెండు ఇనుప పళ్లేలే ఈ వేడిని పీల్చుకుని గాలికి వదలాలి.

వాలు తక్కువున్న చోట వదలగలవు. వాలు ఎక్కువై, మలుపు వెంట మలుపు వచ్చే చోట వేడి పుట్టేదే ఎక్కువ, ఆరేది తక్కువ. కాలు పెడల్ మీదే ఉంచి మూడు నాలుగు కిలోమీటర్లు దిగితే డిస్కు 250, 300 డిగ్రీలకు చేరడం ఆశ్చర్యం కాదు. అంత వేడిలో మామూలు ప్యాడ్ల పట్టు తగ్గడం మొదలవుతుంది. నడిపేవాడు ఇంకాస్త గట్టిగా నొక్కుతాడు, వేడి ఇంకాస్త పెరుగుతుంది. వెనక చక్రాలకు డ్రమ్ములుంటే వాటిది మరో ఇబ్బంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగ్‌కు దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి పోతుంది.

ఇంతవరకూ జరిగింది నెమ్మదిగా జరిగేది. మనిషికి కాస్తో కూస్తో తెలుస్తుంది. కాలిన రబ్బరు వాసన వస్తుంది, స్టీరింగ్‌లో చిన్న వణుకు మొదలవుతుంది. చెప్పాపెట్టకుండా వచ్చేది దీని తర్వాతి దశ. అది బ్రేక్ ఆయిల్‌లో జరుగుతుంది.

మనం ఆయిల్ అంటాం గానీ చాలా కార్లలో అది గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం. డాట్-3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు కలిశాక అదే ద్రవానికి ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్-4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. రెండేళ్లకోసారి మార్చమని ఎక్కువ కంపెనీల మాన్యువళ్లలో ఉంటుంది. ఎందరు మారుస్తారు? ఇంజిన్ ఆయిల్ తేదీ అందరికీ గుర్తుంటుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే, లేత తేనె రంగులో ఉండాల్సిన ద్రవం చిక్కటి డికాషన్ రంగుకు తిరిగి ఉంటుంది. ఏడాది పొడవునా సముద్రపు గాలి పీల్చే విశాఖ బండ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

డిస్కు వేడి ప్యాడ్ల మీదుగా క్యాలిపర్‌లోకి, అక్కణ్నుంచి ద్రవంలోకి పాకుతుంది. పాత ద్రవం 150 డిగ్రీల దగ్గర మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. పెడల్ నొక్కితే ఆ బలం చక్రానికి చేరకుండా బుడగల్ని నొక్కడంలోనే ఖర్చయిపోతుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న పెడల్ ఒక్క మలుపు దగ్గర మెత్తగా నేలకు దిగిపోతుంది. ఏబీఎస్ ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకూ అది తప్పనిసరి, మంచిదే. కానీ అది చక్రం బిగుసుకుపోయి జారకుండా చూస్తుందే తప్ప, మరిగిన ద్రవానికి చేయగలిగింది ఏమీ లేదు.

ఒక సోమవారం షెడ్డుకు వచ్చిన కారు గురించి చెబుతాను. నడిపింది ముప్పైల్లో ఉన్న కుర్రాడు. భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారితో అరకు వెళ్లొచ్చాడు. "నిన్న డముకు దగ్గర పెడల్ మెత్తగా అయిపోయిందండీ. హ్యాండ్ బ్రేకు లాగి ఎలాగో పక్కన పెట్టాను. అరగంటాగి చూస్తే బాగానే ఉంది. ఇవాళ కూడా బాగానే ఉంది. ఎందుకైనా మంచిదని తెచ్చాను" అన్నాడు. పెడల్ నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. చక్రం విప్పితే సంగతి బయటపడింది. ప్యాడ్ల ముఖం గరుకు పోయి అద్దంలా మెరుస్తోంది. డిస్కు మీద నీలం మచ్చలు వలయాలుగా ఉన్నాయి. ఇనుము మాడితేనే ఆ రంగు వస్తుంది. డబ్బాలో ద్రవం నల్లగా ఉంది. ఆ కుటుంబం మలుపు తిరిగాక కొండవైపు కాస్త ఖాళీ దొరికింది కాబట్టి షెడ్డు దాకా వచ్చింది.

ఆ అబ్బాయి మాటల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది "ఇవాళ బాగానే ఉంది" అన్నది. ఆవిరి చల్లబడితే మళ్లీ ద్రవమే అవుతుంది. ప్రమాదం జరిగిన బండిని గంటల తర్వాతో, మర్నాడో తనిఖీ చేసేవాళ్లకు పెడల్ గట్టిగానే తగులుతుంది. "బ్రేకులు పనిచేస్తున్నాయి" అని కాగితం మీదకెక్కుతుంది. "బ్రేకు పట్టలేదు సార్" అన్న డ్రైవర్ మాట అబద్ధమైపోతుంది. కేసు అతివేగం కింద పోతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం అతివేగం ఖాతాలోనే ఉంది. మిగతా కారణాల వరుసలో తాగి నడపడం, ఎదురుదారిలో రావడం, ఫోను మాట్లాడటం, సిగ్నల్ దాటడం కనిపిస్తాయి. వేడెక్కి పోయిన బ్రేకులకు అక్కడ సొంత గడి లేదు. లెక్కలో లేని కారణానికి నివారణ ఎవరూ వెతకరు.

ఇక మనవాళ్లు చేతులారా చేసే పని: న్యూట్రల్‌లో దించడం. పెట్రోలు మిగులుతుందని తండ్రులు కొడుకులకు నేర్పిన విద్య ఇది. కార్బ్యురేటర్ల కాలంలో దానికి కాస్త అర్థం ఉండేదేమో. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. అంటే న్యూట్రల్‌లో దిగితేనే పెట్రోలు ఎక్కువ ఖర్చు. మిగిలేదేమీ లేకపోగా ఇంజిన్ పట్టు మొత్తం పోయి, వేడి యావత్తూ బ్రేకుల మీద పడుతుంది. తాళం తిప్పి ఇంజినే ఆపేసేవాళ్లు ఇంకా పెద్ద ప్రమాదం కొని తెచ్చుకుంటారు. బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్లకే అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుస్తుంది, పవర్ స్టీరింగ్ పోతుంది.

ఆటోమేటిక్ కార్లు వచ్చాక ఈ అలవాటు కొత్త రూపం తీసుకుంది. 'డి'లో పెట్టి స్టీరింగ్ తిప్పడమే డ్రైవింగ్ అనుకునేవాళ్లు పెరిగారు. అదే గేర్ కర్ర పక్కన 'ఎల్' అనో '2' అనో 'ఎం' అనో ఉన్న అక్షరం దేనికో ఎవరూ చెప్పరు. షోరూంలో బండి అప్పగించేటప్పుడు పాటలు ఎలా పెట్టాలో అరగంట చూపిస్తారు, ఈ అక్షరం గురించి అర నిమిషం చెప్పరు. అది సరిగ్గా ఘాట్ దిగడానికే ఉంది. ఎలక్ట్రిక్ కార్లకు మోటారే బ్రేకుగా పనిచేస్తుంది కాబట్టి అవి ఘాట్‌కు నిజంగా నయం, ఒక్క షరతు మీద. కొండ మీది రిసార్టులో రాత్రంతా పెట్టి నూరు శాతం చార్జి నింపుకుని దిగితే, పుట్టిన కరెంటు పోవడానికి బ్యాటరీలో చోటుండదు. పూర్తిగా నిండిన బ్యాటరీతో చాలా బండ్లు మోటారు బ్రేకును తగ్గించేస్తాయి. 80 శాతం దగ్గర ఆపి దిగడం మేలు.

కార్ల సంగతి ఇదైతే, 15 టన్నుల టూరిస్టు బస్సుకు అదే కొండ పదిరెట్ల శక్తిని మోపుతుంది. బరువు పెరిగినంతగా గాలి, టైర్ల సాయం పెరగదు. ఎయిర్ బ్రేకులున్న బస్సులో డ్రైవర్ కంగారుపడి పెడల్‌ను మాటిమాటికీ తొక్కితే ట్యాంకులో గాలి పీడనం కూడా పడిపోతుంది. అనుభవమున్న ఘాట్ డ్రైవర్ కొండ నెత్తినే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని, పెడల్‌ను మలుపు ముందు మాత్రమే ముట్టుకుంటాడు. సమతలపు హైవే మీద రాత్రంతా నడిపి వచ్చిన డ్రైవర్‌కు ఆ అలవాటు ఎలా వస్తుంది?

2021 ఫిబ్రవరి 12న హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబ బృందం అరకు చూసుకుని తిరిగి వస్తుండగా, డముకు దగ్గర వాళ్ల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. వాళ్లలో ఒక పసిబిడ్డ ఉంది. జరిగింది చీకటి పడ్డాక, జరిగింది దిగేటప్పుడు. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సులో మోయాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువమంది ఉన్నారు. 60 మందికి పైగా పోయారు. ఆ ఘాట్ అనంతగిరితో పోలిస్తే చాలా చిన్నది. బరువు ఎక్కువైతే వాలుకు ఎత్తు పెద్దగా అక్కర్లేదని ఆ ఒక్క రోజు చూపించింది. ఈ రెండింటికీ బ్రేకుల వేడే కారణమని నేను తీర్పివ్వను. ఆ గంటలో, ఆ వాలులో మనం ఎంత తక్కువ జాగ్రత్తతో ఉంటామో అవి చెబుతున్నాయి.

చీకటి మాట వచ్చింది కాబట్టి, ఒక్కరోజు ప్రయాణం గురించి చెప్పక తప్పదు. ఇప్పటి ప్లాను ఇలా ఉంటుంది: పాడేరు దగ్గర వంజంగి మీద పాలసముద్రంలాంటి మబ్బులు చూడాలంటే సూర్యోదయానికి ముందే కొండెక్కాలి. అంటే విశాఖలో అర్ధరాత్రి దాటగానే లేవాలి. మబ్బులు చూశాక అరకు, మ్యూజియం, చాపరాయి, బొంగు చికెన్, దారిలో బొర్రా గుహలు. అన్నీ అయ్యేసరికి సాయంత్రం ఐదు. డిసెంబర్లో ఐదున్నరకే వెలుతురు తగ్గుతుంది, తర్వాత మంచు దిగుతుంది. అప్పుడు మొదలవుతుంది ఘాట్. స్టీరింగ్ పట్టుకున్న మనిషి అప్పటికి 17 గంటలుగా మేలుకుని ఉన్నాడు. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో దీన్ని కొలిచారు. 17 గంటలు నిద్రలేని మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా పడిపోయింది. మన దేశంలో తాగి నడిపినట్టు లెక్కగట్టే హద్దు 0.03 శాతం. చుక్క ముట్టని తండ్రి, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని, చట్టం ఒప్పుకోని మత్తుకు మించిన స్థితిలో, వేడెక్కుతున్న బ్రేకులతో, మంచులో దిగుతున్నాడు. ఆయన తప్పు చేస్తున్నానని అనుకోవడం లేదు. రేపు సోమవారం, ఆఫీసుంది, బడి ఉంది. అందుకే ఈ ఒక్కరోజు ప్లాను మీద నాకు కోపం. ఒక రాత్రి అరకులోనో అనంతగిరిలోనో ఉండి, పొద్దున్న ఎండెక్కాక దిగితే ఈ మూడు ప్రమాదాల్లో రెండు అక్కడికక్కడే పోతాయి.

వ్యక్తులు జాగ్రత్తపడితే చాలదు. ఆ సంగతి మనకు తెలిసినట్టే ఒక కొండ మీద నడుచుకుంటున్నాం. తిరుమల ఎత్తు దాదాపు అరకంతే. అక్కడ ఎక్కడానికి ఒక ఘాట్, దిగడానికి ఒక ఘాట్. బయల్దేరినప్పుడు టైము నమోదు చేస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకన్నా ముందే గేటు దగ్గరికి వస్తే జరిమానా. దిగడానికి ఎక్కువ టైము పెట్టడంలోనే మొత్తం విజ్ఞానం ఉంది. 19 కిలోమీటర్లు 40 నిమిషాలంటే గంటకు 28 కిలోమీటర్ల సగటు. ఆ వేగంతో రావాలంటే ఎవరైనా గేరు తగ్గించక తప్పదు. గేరు తగ్గితే ఇంజిన్ బరువు పడుతుంది, బ్రేకులకు ఊపిరి అందుతుంది. డ్రైవర్‌కు బ్రేకుల శాస్త్రం తెలియక్కర్లేదు, టైము చీటీ చాలు. ఇది కోట్లు ఖర్చయ్యే పనికాదు. గాలికొండ దగ్గర ఒక గేటు, బొడ్డవర దగ్గర ఒక గేటు, మధ్య ఒక గడియారం. బొర్రాకు తిరిగేవాళ్లకు ఎటూ ఇంకా ఎక్కువ టైమే పడుతుంది. అనంతగిరికి ఇది ఎందుకు పెట్టకూడదో నాకు ఒక్క కారణం కూడా తోచడం లేదు.

అదే కొండ మీద ఇంకో దారి ఉంది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను. వేల టన్నుల ఖనిజం రోజూ ఆ లైను మీద దిగుతోంది. రైల్వేవాళ్లు ఘాట్ దిగే ముందు బ్రేకుల పీడనం పరీక్షిస్తారు, మోటార్లతోనే బరువును పట్టి ఉంచుతారు, దిగే వేగానికి వేరే హద్దు పెడతారు. బరువైన బండి కిందికి దిగడమే ప్రమాదమని వాళ్లు మొదట్నుంచీ ఒప్పుకున్నారు. రోడ్డు మీద మనం ఇంకా ఒప్పుకోలేదు. అన్నట్టు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఆ రైలే నా మొదటి సలహా. సొరంగాలు దాటుకుంటూ పోయే ఆ ప్రయాణం కోసమే 2017లో అద్దాల పెట్టె వేశారు. స్టీరింగ్ పట్టుకోవాల్సిన వాళ్లు కూడా కిటికీ పక్కన కూర్చోవచ్చు.

కారులోనే వెళ్లేవాళ్లకు: ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. గాలికొండ దగ్గర కాఫీ తాగి బండెక్కగానే గేరు తగ్గించాలి, వేగం అందుకున్నాక కాదు. బ్రేకును మలుపు ముందు గట్టిగా వేసి పూర్తిగా వదిలేయండి. పెడల్ మీద కాలు ఆనించి ఉంచడమే డిస్కుల్ని మాడ్చేది. వెనక హారన్ కొట్టేవాడికి దారివ్వండి. ఎదురుగా ఎక్కే బండికి ముందు దారివ్వాలని చట్టమే చెబుతోంది. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట కొండవైపు ఆపి, గేరు వేసి ఉంచి, చక్రానికి రాయి పెట్టండి. చక్రాల మీద నీళ్లు పోయకండి, ఎర్రగా కాలిన డిస్కు పగులుతుంది.

ఇంకొకటి, ఇది మెకానిక్కులు కూడా చెప్పడం మరిచిపోతారు. దిగుతూ దిగుతూ ఫొటోల కోసం పది నిమిషాలు ఆపితే చక్రాలకు తగిలే గాలి ఆగిపోతుంది, డిస్కులోని వేడి తీరిగ్గా ద్రవంలోకి పాకుతుంది. దిగేటప్పుడు మరగని ద్రవం ఆగి ఉన్నప్పుడు మరగవచ్చు. అందుకని దారిలో ఎక్కడ ఆపినా, మళ్లీ కదిలే ముందు పెడల్ నొక్కి చూడండి. మెత్తగా ఉంటే ఇంకో అరగంట అక్కడే. టెంపో ట్రావెలరో బస్సో మాట్లాడుకునేవాళ్లు రేటు, ఏసీ, మ్యూజిక్ సిస్టం అడిగాక, ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: బ్రేక్ ఆయిలో, లైనింగులో ఎప్పుడు మార్చారు? డ్రైవర్ రాత్రి ఎన్ని గంటలు పడుకుంటాడు? యజమాని తడుముకుంటే ఇంకో బండి చూసుకోండి.